మా సరంగుగారి గురక

గురకని బట్టి పంటు బయల్దేరడం మీరెక్కడా చూసుండరు. సఖినేటిపల్లి రేవులో నేను కళాసీగా చేసిన రోజుల్లో మా పంటు అలాగే బయల్దేరేదండి. నవ్వకండి, చెబుతాను.

పంటంటే తెలియని పిల్లలకి ముందో మాట. ఇటు మా సఖినేటిపల్లి, అటు నరసాపురం, మధ్యలో వశిష్ఠ గోదారి. వంతెన వస్తుందని నాకు ఊహ తెలిసినప్పట్నించీ వింటున్నాను, వింటూ వింటూనే పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. అంచేత మనుషులూ, మోటారు సైకిళ్ళూ, ఆటోలూ, కొబ్బరికాయల వ్యానులూ అన్నీ పంటు మీదే దాటాలి. బల్లపరుపుగా ఉండే ఇనుప పడవ, దానికో ఇంజను. ఇంజను దగ్గర డ్రైవరు, పైన చిన్న రేకుల గదిలో చక్రం పట్టుకుని సరంగు, కింద తాళ్ళూ బల్లలూ చూసుకునే మాలాంటి కళాసీలు. నేను ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసి ఆ తాళ్ళు పట్టుకున్నాను. మోకాళ్ళు ఇంక మా వల్ల కాదనేదాకా వదల్లేదు.

మా సరంగుగారు భారీ మనిషి. మెడ మరీ లావు. చొక్కా పైగుండీ పెళ్ళిరోజున కూడా పెట్టుకోలేదని వాళ్ళావిడ, మా వదినగారు, నవ్వేవారు. వరస చూస్తే మాకూ వాళ్ళకీ చుట్టరికం ఏమీ లేదు గానీ, నేను ఆయన్ని అన్నయ్యగారనే పిలిచేవాణ్ణి. నీళ్ళ రంగు చూసి అడుగున ఇసుక మేట ఎక్కడుందో చెప్పేసేవారు. గాలి ఎటు తిరుగుతుందో దానికంటే ముందు ఆయన మొహం తిరిగేది. ఆయన్ని మించిన సరంగు ఆ రేవులో లేడు. నేనొక్కణ్ణే అన్నమాట కాదిది.

ఉన్నదల్లా ఒక్కటే. కూర్చుంటే నిద్ర. ఇడ్లీ తుంచి, చట్నీలో ముంచి, నోటిదాకా తెచ్చేలోపల ఓ కునుకు తీసేసేవారు. మాటల మధ్యలో మాట ఆగిపోయేది, చూస్తే కళ్ళు మూతపడుండేవి. ఆదివారం చర్చిలో ముందు బెంచీలోనే కూర్చుని గురక మొదలెడితే పాస్టరుగారు ప్రసంగం ఆపి, "సరంగుగారూ, మీరు దాటేసేరు, మేమింకా ఇవతల ఒడ్డునే ఉన్నామండి" అనేవారు. చర్చి అంతా గొల్లుమనేది. ఆయనా తడుముకుంటూ లేచి అందరితో కలిసి నవ్వేసేవారు.

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య, బళ్ళు ఎక్కించే వేళ, ఆయన పైగదిలో కుర్చీలో వెనక్కి వాలేవారు. రేకుల గదేమో, గురక డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగేది. గట్టు మీద టీ తాగేవాళ్ళకి కూడా వినపడేది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను, అదే మాకు గంట అయిపోయింది. గురక వినిపిస్తున్నంతసేపూ బళ్ళు ఎక్కించడం. గురక ఆగిందంటే ఆయన లేచేరని లెక్క, నేను తాడు విప్పడం, డ్రైవరు ఇంజను అందుకోవడం. ఎవరో పెట్టిన రూలు కాదు. ఇవతలి స్కూళ్ళలో పనిచేసే టీచరమ్మలు సాయంత్రం నరసాపురం తిరిగెళ్ళేటప్పుడు, "ఆగిందమ్మా, పదండి పదండి" అని ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటూ పరిగెత్తుకొచ్చేవారు.

అయితే ఒక్కోసారి గురక ఆగేది, ఆయన మాత్రం లేచేవారు కాదు. నేను తాడు విప్పేసేవాణ్ణి. పంటు ఒడ్డు నించి కాస్త జరిగేది. అప్పుడు పైనించి మునిగినవాడు తేలి గాలి మింగినట్టు పెద్ద చప్పుడొకటి వచ్చేది, ఆ వెంటనే ఆయన ఉలిక్కిపడి లేచి చక్రం అందుకునేవారు.

"గురువుగారికి స్టార్టింగు ట్రబులు బావా! చోకు లాగాలి" అనేవాడు మా డ్రైవరు. వాడికి ప్రపంచమంతా ఇంజనే.

నాకెందుకో ఆ మధ్యలో ఉన్న ఖాళీ మీద ధ్యాస పడింది. గురక ఆగింది, మనిషి లేవలేదు. మరి అంతసేపూ లోపల ఏం జరుగుతున్నట్టు? ఓ మధ్యాహ్నం టీ పట్టుకెళ్ళే వంకన పైకెళ్ళి నిలబడి చూసేను. తల వెనక్కి వేలాడుతోంది, నోరు తెరుచుకునుంది. గురక ఆగింది. పొట్టా రొమ్మూ మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి తీస్తున్నారు కాబోలు అనుకుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టేను. గాలి లేదు. నోటి దగ్గర పెట్టేను. అక్కడా లేదు. నీళ్ళు దిగిపోయిన బోరింగు హ్యాండిలు కొడుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కొట్టుడు కొట్టుడే, చుక్క రాదు. చాలాసేపటికి ఆ పెద్ద చప్పుడు, మళ్ళీ గురక. టీ చల్లారిపోయింది, నేను అలాగే నిలబడిపోయేను.

డ్రైవరుకి చెబితే నమ్మలేదు. "చేతికేం తెలుస్తుందయ్యా" అని, చిరిగిన తలగడలోంచి బూరుగుదూది పింజ తీసుకుని వాడూ వచ్చేడు. పింజ ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. గురక ఉన్నప్పుడు పింజ లోపలికీ బయటికీ ఊగింది. గురక ఆగింది, పింజ నిలబడిపోయింది. పొట్ట ఎగురుతూనే ఉంది, పింజ కదల్లేదు. డ్రైవరు మొహంలో నవ్వు మెల్లిగా దిగిపోయింది. వాడు గోదారిలో మునిగి లంగరు తాడు విప్పొచ్చే మనిషి.

"ఇంతసేపు నేను కూడా నీళ్ళలో ఉండలేను బావా" అన్నాడు గొంతు తగ్గించి. "ప్రాణం ఎటెళ్ళి వస్తోందంటావు?"

"ఏమో, అవతల రేవుకేమో."

అనేసేను గానీ ఆ మాట నాకే నచ్చలేదు.

అప్పట్నించీ మా ఇద్దరికీ అదో పరిశోధన అయిపోయింది. వెల్లకిలా వాలితే ఎక్కువ ఆగేది. గోనెసంచులు పరిచి పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెనక్కి దొర్లకుండా వీపుకి లైఫుబోయా రింగు ఆనిస్తే తగ్గేది. కల్లు పుచ్చుకున్న మర్నాడు మరీ ఎక్కువ ఆగేది. ఎందుకో మాకు తెలీదు, ఇలా చేస్తే ఇలా అవుతుందని మాత్రం తెలిసింది.

ఓ రోజు క్యారేజీ పట్టుకుని వదినగారు రేవుకొస్తే మెల్లిగా కదిపేను.

"మీకిప్పుడు తెలిసిందా మరిదిగారూ?" అన్నారావిడ. "నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. ఊపిరి ఆగిపోతే జబ్బ మీద ఒక్కటిస్తాను. మళ్ళీ అందుకుంటారు."

"రోజూనాండీ?"

"ఆయ్. ఇదివరకు ఎప్పుడో ఒకటి రెండుసార్లు. ఇప్పుడు రాత్రంతా అదే పని. ఆపైన ఆయన ఒంటికని లేస్తూనే ఉంటారు. పొద్దున్నే తలనొప్పి. బీపీ బిళ్ళలు మార్చి మార్చి ఇస్తున్నారు, అది దిగదు. నాకు నిద్రంటే ఆయన్ని పంటెక్కించి పంపేశాకే."

అన్నయ్యగారు అన్నం కలుపుతూ అన్నీ వింటున్నారు. "గురక్కి డాక్టరేంటే? సుఖంగా నిద్రపోయేవాడికే గురకొస్తుంది. మా నాన్నకి నాకంటే పెద్ద గురక."

"మరి మావయ్యగారు ఎలా పోయేరండీ?" అన్నారు వదినగారు.

"నిద్రలోనే. ఎవరికీ శ్రమ ఇవ్వకుండా హాయిగా పోయేడు."

 ఆ మాట అనేసి ఆయన ముద్ద చేత్తో పట్టుకుని కాసేపు ఆగి, తరవాత తిన్నారు.

అసలు సంగతి నాకు తరవాత చెప్పేరు. రేవుని వేలంలో పాడుకున్న పాటదారుగారొకాయన ఉండేవారు. పంటు ఆయనదే, మా జీతాలూ ఆయనవే. "ఒరే తమ్ముడూ, ఈ సంగతి పాటదారుగారి చెవిన పడిందనుకో, నిద్రపోయే సరంగని పేరు పడిపోతుంది. ఈ రేవులోనే కాదు, ఏ రేవులోనూ నా చేతికి చక్రం ఇవ్వరు. చక్రం లేకపోతే నేనెవర్నిరా? కొబ్బరి డొక్కలు ఏరుకునే ముసలాణ్ణి."  ఆయన ప్రాణం ఒకవైపు, ఆయన బతుకు ఒకవైపు. రెండూ ఆ గురకలోనే ఇరుక్కునున్నాయి.

ఆ యేడు వరద తీసేక రేవు మళ్ళీ తెరిచేరు. నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి, లాగుడు గట్టిగానే ఉంది. ఎండ ఎక్కుతున్న వేళ. వ్యాను నిండా కాయలు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, జనం. పరీక్షల పనేదో ఉందని తొందరగా తిరిగెళ్తున్న టీచరమ్మ ఒకావిడ. పైన గురక మోగుతోంది. ఆగింది. నేను తాడు విప్పేసేను. డ్రైవరు ఇంజను ఇచ్చేడు. పంటు ఒడ్డు వదిలింది.

అలాంటి నీళ్ళలో సరంగు పంటు ముక్కు ఎగువకి పట్టి ఉంచాలి. లేకపోతే ప్రవాహం దిగువకి ఈడ్చుకుపోతుంది. మా పంటు ముక్కు ఎగువకి తిరగలేదు. మెల్లిగా అడ్డం తిరుగుతోంది.

"అన్నయ్యగారో! చోకు లాగమంటారా?" అని కేకేసేను. జనం నవ్వేరు.

పైనించి జవాబు లేదు. ఆ పెద్ద చప్పుడు కూడా రాలేదు. దిగువన వలలేసుకుని ఉన్న నావల వాళ్ళు లేచి చేతులూపుతున్నారు.  నిచ్చెన రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కేను.

ఆయన నిద్రపోవట్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుర్చీలోంచి సగం లేచి, కుడిచేత్తో చక్రాన్ని వాటేసుకునున్నారు. ఎడమచెయ్యి తడిగుడ్డలా వేలాడుతోంది. ఎడమకాలు కింద మడతపడిపోయింది. మూతి ఓ పక్కకి జారింది. నన్ను చూసి ఏదో అన్నారు, మాట మాటలా రాలేదు, గంజిలా వచ్చింది. కానీ కళ్ళు చక్రం కేసి చూపించేయి.

ఆయన్ని కింద పడుకోబెట్టనా, చక్రం పట్టుకోనా? నేను చక్రం తిప్పగలను గానీ ఆ నీళ్ళలో దారి నాకు తెలీదు. దారి ఆయనకి తెలుసు, తిప్పే చెయ్యి లేదు. ఆయన ఎడమపక్కన చేరి, నడుం చుట్టూ ఓ చెయ్యేసి ఎత్తిపట్టి, రెండో చెయ్యి చక్రం మీద వేసేను. ఆయన కుడిచెయ్యి లాగితే నేను తోస్తున్నాను, ఆయన ఆపితే ఆపుతున్నాను. ఎటు పోవాలన్నది ఆయన గడ్డంతో చూపించేరు. వెనక్కి కాదు, నరసాపురం వైపే. ఇవతలకి తిరిగితే పెద్దాసుపత్రికి అమలాపురం పోవాలి, అది దూరం. అవతల ఒడ్డుకి దగ్గర్లోనే ఆసుపత్రి ఉంది. అంత ఆలోచన ఆ స్థితిలో ఆయనకి ఉందో, అలవాటు చొప్పున ముందుకే పోయేరో నాకు తెలీదు. తరవాత అడిగితే ఆయనకీ తెలీదన్నారు.

పంటు ముక్కు మెల్లిగా ఎగువకి తిరిగింది. నావలు పక్కనించి వెళ్ళిపోయేయి, అందులోవాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు కూడా వినిపించేయి. బల్ల రేవుకి ఆనగానే ఆయన చక్రం వదిలేసేరు. బరువంతా నా మీద పడింది.

ఆయన్ని కిందికి దించేసరికి ఒడ్డున తలో మాట. "గాలి సోకిందండి, పసరు పోయించాలి." "అలిసిపోయేరు, కాసేపు పడుకోనివ్వండి, లేచి కూర్చుంటారు." ఒకాయన సోడా కొట్టించుకుని వచ్చేసేడు కూడా. ఆ టీచరమ్మ ఆ సోడాకి అడ్డంగా చెయ్యి పెట్టేరు.

"నోట్లో చుక్క పొయ్యకండి, ఊపిరికి అడ్డం పడుతుంది. మూతి చూడండి, చెయ్యి చూడండి, మాట చూడండి. ఇది పక్షవాతం. పడుకోబెట్టి చూసేది కాదు, ఒక్క క్షణం కూడా ఆగేది కాదు. ఆ ముందున్న ఆటో ఎవరిదండీ?"

"నాదేనండి, కానీ కోళ్ళున్నాయండి" అన్నాడు ఆటో ఆయన.

"కోళ్ళు నేను చూస్తాను" అన్నారావిడ. నిజంగానే కోళ్ళ గంప పక్కన పెట్టుకుని ఒడ్డునే నిలబడ్డారు. ఆవిడకి ఆ రోజు పని ఏమైందో మేం ఎప్పుడూ అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు చిన్నవయసావిడ. ముందు అడిగింది ఒక్కటే, "ఎప్పుడు మొదలైంది? మామూలుగా ఉండగా ఆఖరుసారి చూసిందెవరు?" బళ్ళు ఎక్కించే ముందు ఆయనకి టీ అందించింది నేనే, ఆ వేళ చెప్పేను. తలకి స్కానింగు తీసేరు. రక్తం గడ్డ అడ్డుపడిందన్నారు, వేళకి తెచ్చేరు కాబట్టి కరిగించే ఇంజక్షను ఇస్తున్నామన్నారు. ఈలోపల వదినగారు వచ్చేరు. ఏడవలేదావిడ. ఆయన కాళ్ళ దగ్గర మంచం అంచు పట్టుకుని నిలబడ్డారు.

మర్నాటికి వేళ్ళు కాస్త కదిలేయి. డాక్టరమ్మగారు గుండె కాగితం చూస్తూ, "గుండె లయ తప్పుతోంది. బీపీకి ఇన్ని మందులు వాడుతున్నా దిగట్లేదు" అని, మా కేసి తిరిగి, "గురక పెడతారా?" అనడిగేరు.

మా డ్రైవరు ఆపుకోలేక నవ్వేసేడు. "గురకాండీ! ఆ గురకతోనే కదండీ మా పంటు నడిచేది!"

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మధ్యలో ఊపిరి ఆగడం ఎవరైనా చూసేరా?"

అప్పుడు మేం అంతా చెప్పేం. తాడు విప్పడం, బూరుగుదూది, పక్కకి తిప్పడం, వదినగారు జబ్బ మీద కొట్టడం. ఆవిడ మధ్యమధ్యలో "ఆ తరవాత?" "పగలు కూడానా?" అంటూ అడుగుతూ రాసుకున్నారు. అన్నీ అయ్యేక నాకు ఇన్నాళ్ళూ లోపల తిరుగుతున్న ప్రశ్న బయటికొచ్చేసింది.

"మరి ఆ ఊపిరి ఎటు పోతుందండీ?"

"ఎటూ పోదు బాబాయిగారూ. నిద్రలో గొంతు వదులైపోయి లోపలికి పడిపోతుంది. తలుపు మూసుకున్నట్టు. రొమ్ము లాగుతూనే ఉంటుంది, గాలికి దారుండదు. ఊపిరి అందట్లేదని మెదడు కేకేస్తుంది. బీపీ ఒక్కసారి లేస్తుంది, గుండె ఉరుకుతుంది, మనిషికి తెలీకుండానే కాస్త మెలకువొస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత."

"అంటే రాత్రంతా మునుగుతూ తేలుతూ ఉన్నట్టేనాండీ?"

"అంతే. అలా మునిగి తేలినవాడు పగలు నిద్రపోక ఏం చేస్తాడు? ఆయనది ఎక్కువ నిద్ర కాదు. అసలు నిద్రే లేదు."

వదినగారు అప్పుడు ఏడ్చేరు. సుఖంగా నిద్రపోతున్నాడని ఊరంతా అనుకున్న మనిషికి ఏళ్ళ తరబడి నిద్రే లేదు మరి.

గుండెకీ తలకీ లంకె ఏమిటని మళ్ళీ అడిగేను. ఏళ్ళ తరబడి అలా లాగి లాగి గుండె పైగదులు సాగిపోతాయనీ, లయ తప్పుతుందనీ, లయ తప్పితే రక్తం అక్కడ సరిగ్గా కదలక గడ్డ కడుతుందనీ, ఆ గడ్డే పైకెళ్ళి మెదడులో అడ్డం పడిందనీ చెప్పేరు. నాకు గోదారి కళ్ళముందు కనపడింది. ఎక్కడ నీరు నెమ్మదిస్తుందో అక్కడే మేట వేస్తుంది. అదే చెబితే ఆవిడ, "బాగా చెప్పేరు, కానీ ఒక మాట. గురక పెట్టిన ప్రతివాళ్ళకీ ఇలా అవదు. ఈయనకి బరువుంది, బీపీ ఉంది, ఇంట్లో పెద్దలకీ ఉంది. దీనొక్కదాని మీదే నేరం మోపలేను. ఇది మిగతావాటికి తోడైంది" అన్నారు.

ఒంటికి వైర్లు పెట్టి నిద్రని పరీక్ష చేసేరు. తరవాత ముక్కుకి తొడుగూ, గొట్టమూ ఉన్న మిషనొకటి ఇచ్చేరు. అది గాలిని మెల్లిగా తోస్తూ గొంతు మూసుకుపోకుండా చూస్తుందట. అన్నయ్యగారు దాన్ని చూసి మొహం తిప్పేసుకున్నారు.

"ఈ తొండం తగిలించుకుని పడుకోవాలా? నన్ను చూసి కుక్కలు కూడా మొరుగుతాయి."

"మీకు తెలీదు గురువుగారూ, యుద్ధవిమానం నడిపేవాళ్ళు పెట్టుకుంటారు ఇలాంటివి" అన్నాడు డ్రైవరు. "పంటు నించి విమానానికి ప్రమోషను!"

మొదట్లో సగం నిద్రలో పీకి పారేసేవారు. ముక్కు ఎండిపోతోందని, చెంపల మీద గీతలు పడుతున్నాయని, ఇంట్లో రోజూ రభస. వదినగారిది ఇంకో బాధ. "చప్పుడు లేకుండా పడుకుంటున్నారు మరిదిగారూ, ఉన్నారో లేదోనని నాకే భయంగా ఉంది" అనేవారు. కొన్నాళ్ళకి ఓ పొద్దున్న అన్నయ్యగారు లేచి మంచం మీద కూర్చుని, "తలనొప్పి లేదేమే?" అన్నారట, పోగొట్టుకున్న వస్తువుని వెతుక్కుంటున్నట్టు. ఆ రోజు నించీ తొడుగు ఆయనే పెట్టుకునేవారు, ఆయనే కడుక్కునేవారు.

నడక వచ్చేసింది. మాట తేరుకుంది. ఎడమచేతి పట్టు మాత్రం సగమే వచ్చింది. అప్పుడొచ్చేరు పాటదారుగారు, అరటిపళ్ళ అత్తం పట్టుకుని. మేమందరం అక్కడే ఉన్నాం. ఆయనకి పక్షవాతం సంగతే తెలుసు, నిద్ర సంగతి తెలీదు.

"మీరు తొందరగా వచ్చెయ్యాలండి సరంగుగారూ. కొత్తవాడు రెండు రోజులకోసారి మేట ఎక్కించేస్తున్నాడు. చెయ్యి కాస్త అటూ ఇటూ ఉన్నా పర్లేదు, పక్కన ఈ కళాసీ ఉంటాడుగా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక అంతే కదా, నిద్ర సంగతి ఆయన అడగలేదు, మేం చెప్పక్కర్లేదు, చక్రం అన్నయ్యగారి చేతికే వస్తోంది. వదినగారు పాటదారుగారికి కాఫీ గ్లాసు ఇస్తూ వాళ్ళాయన కేసి చూసేరు. అన్నయ్యగారు అరటిపళ్ళ కేసి చూస్తున్నారు.

"ఒక మాటండి" అన్నారు. "ఇంతకు ముందోసారి పంటు మేట ఎక్కింది కదా, నీళ్ళు తీసేసేయని మీకు చెప్పేను. నీళ్ళు కాదండి. నేను నిద్రపోయేను. కళ్ళు తెరుచుకునే నిద్రపోయేను. ఆ ఒక్కసారే కాదు, చాలాసార్లు ఆ ఒడ్డు నించి ఈ ఒడ్డుకి ఎలా వచ్చేనో నాకు తెలీదండి. కింద జనం ఉండేవారు."

 పాటదారుగారు కాఫీ తాగలేదు. గ్లాసు కిందపెట్టి లేచి, గుమ్మం దాకా వెళ్ళి, "డాక్టరుగారు సరేనని కాగితం ఇచ్చేదాకా చక్రం ముట్టుకోకండి" అని వెళ్ళిపోయేరు.

"ఎందుకు చెప్పేరండీ?" అన్నాడు డ్రైవరు, ఏడుపు గొంతుతో.

"మెలకువొచ్చిందిరా. మెలకువొచ్చేక తెలిసింది, ముందు లేదని" అన్నారాయన. 

చక్రం ఆయన మళ్ళీ పట్టుకోలేదు. డాక్టరమ్మగారు ఆ చేతి పట్టు చూసి తల అడ్డంగా ఊపేరు. అయితే పాటదారుగారు నాలుగు రోజులు మొహం చాటేసి, ఓ పొద్దున్న కబురంపేరు. రేవులో బళ్ళు సర్దే మనిషి కావాలి, ఏ బండి ఎక్కడుంటే పంటు ఒరగదో తెలిసినవాడు కావాలి, వస్తారా అని. విజిలూ, కర్రా ఇచ్చి నిలబెట్టేరు. కూర్చునే పని కాదది. ఆయన రోజంతా నిలబడేవారు, ఒక్క ఆవులింత లేకుండా. కొబ్బరి వ్యానుల వాళ్ళని తిట్టే తిట్లకి రేవంతా పడీ పడీ నవ్వేది.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా గురక పెట్టేవాళ్ళుంటారు. ఎకసెక్కాలాడండి, తప్పులేదు, మేమూ ఆడేం. కానీ గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ అందుకుంటుంటే, పొద్దున్నే తలనొప్పనీ, పగలంతా మగతనీ అంటుంటే, బీపీ ఎన్ని బిళ్ళలకీ లొంగకుంటే, ఆ మాట డాక్టరుకి చెప్పండి. గురక పెట్టే మనిషి తనకై తాను చెప్పలేడు, నిద్రపోతుంటాడు కదా. పక్కన మెలకువగా ఉన్నవాళ్ళే చెప్పాలి. ఇక మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడితే పసరనీ గాలనీ కూర్చోకండి, ఏ బండి ముందుంటే ఆ బండెక్కించండి. కోళ్ళ సంగతి తరవాత చూసుకోవచ్చు.

ఆయన విజిలు పట్టేక ఓ సాయంత్రం, అవతల రేవులో ఏదో సామాను దింపే పనుండి ఆయన కూడా పంటెక్కేరు. కొత్త సరంగు చక్రం దగ్గరున్నాడు. నేనూ డ్రైవరూ ఆయనా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. గాలి చల్లగా ఉంది. ఆయన ఒడ్డు పొడవునా చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయి, వేలెట్టి చూపించేరు.

"ఆ తెల్లమేడ ఎప్పుడు కట్టేరురా అక్కడ? అంత మేడ, నేనెప్పుడూ చూళ్ళేదే?"

డ్రైవరు నోరు వెళ్ళబెట్టేడు. "అదేంటి గురువుగారూ! దాని గృహప్రవేశానికి మీరే వెళ్ళేరు కదండీ, మమ్మల్నీ తీసుకెళ్ళేరు. ముందు పంక్తిలో కూర్చుని భోంచేసేరు కూడాను."

ఆయన నవ్వలేదు.  పంటు దాన్ని దాటేస్తుంటే మెడ తిప్పి మరీ చూసేరు.

"ఏం కూరలు పెట్టేరురా?" అనడిగేరు.

"పనసపొట్టు కూరండి. ఆవపెట్టి."

"అయ్యో" అన్నారు. "అది నాకు చాలా ఇష్టంరా."